కొండ మీద బస్తీలో కూరగాయల దుకాణం: సరుకు వాడిపోకుండా ఎలా?

కొండమెట్లు_బెజవాడ: గుణదల వైపు కొండ మీద బస్తీ, సుమారు 60 ఇళ్లు. తోపుడు బండి మెట్ల దగ్గరే ఆగిపోతుంది. రైతు బజారుకి పొద్దున్నే వెళ్దామంటే అది పనికెళ్లే టైము, పైగా ఆటో ఖర్చు. పైన కిరాణా కొట్లో ఉల్లి, బంగాళాదుంప, చిప్స్ ప్యాకెట్లు తప్ప ఏమీ ఉండవు. పొదుపు సంఘం వాళ్లు ఒక గది ఇస్తామంటున్నారు. రోజుకి ఎంత సరుకు తేవాలి? ఫ్రిజ్ లేకుండా ఎలా నిలవ చెయ్యాలి? రేటు ఎలా కట్టాలి?

సరుకు_లెక్క: ఎంత తినాలన్న లెక్క చూసి సరుకు దింపకండి. జాతీయ పోషకాహార సంస్థ 2024లో చెప్పింది మనిషికి రోజుకి 400 గ్రాముల కూరగాయలు. ఇంటికి నలుగురు చొప్పున 60 ఇళ్లకి 96 కిలోలు. అంత తెస్తే సగం పారబొయ్యడమే. 25 కిలోలతో మొదలెట్టండి. అందులో 15 కిలోలు పాడవకుండా కొన్నాళ్లు ఆగే సరుకు: దోసకాయ, సొరకాయ, గుమ్మడి, కంద, అరటికాయ. మిగతాది వంకాయ, దొండ, టమాటా. ఆకుకూర కట్టలు మాత్రం ముందురోజు పేరు రాయించుకున్నవాళ్లకే.

ఫ్రిజ్ లేని ఇంట్లో కిలో ఎవరూ కొనరు. పావుకిలో, లేదా పూటకి సరిపడా సాంబారు పొట్లం: ఒక ములక్కాడ, రెండు వంకాయలు, రెండు టమాటాలు, చిన్న సొరకాయలో ముక్క. ఆ ముక్క కొనేవాళ్ల ఎదుటే కొయ్యండి, ముందే కోసి పెడితే సాయంత్రానికి జిగురొస్తుంది.

రేటు సంగతి. టమాటా కిలో 20కి పడిందనుకోండి. 25 కిలోలకి ఆటో, మోత కూలీ కలిపి 100 అయితే కిలోకి 4, మొత్తం 24. కిలోలో పదోవంతు తరుగు పోతే అసలు ఖరీదే 27కి చేరుతుంది. 30కి అమ్మండి. రైతు బజారు బోర్డు రేటుకే ఇస్తామని పంతం పడితే నెలలో తలుపులు మూస్తారు.

అసలు చిక్కు వేరే. కాళేశ్వరరావు మార్కెట్ వైపు తెల్లవారుజామున కొంటారు, జనం పనుల నుంచి తిరిగొచ్చేది సాయంత్రం 6కి. సరుకు వాడిపోయేది ఈ మధ్యలోనే.

తడి_ఇసుక: ఆ మధ్య కాలానికే ఇటుకల చల్లటి తొట్టి. ఢిల్లీలోని వ్యవసాయ పరిశోధన సంస్థ ఐఏఆర్‌ఐ వాళ్ల నమూనా 165 × 115 సెంటీమీటర్లు, ఎత్తు 67.5. చుట్టూ రెండు ఇటుక గోడలు, మధ్యలో 7.5 సెంటీమీటర్ల సందు, అందులో ఏటి ఇసుక. లోపల సుమారు 100 కిలోల కూరగాయలు పడతాయి, మీకు సగం సైజు చాలు. లోపల చిల్లుల క్రేట్లు, పైన తడి గోనె. పొద్దున, సాయంత్రం ఇసుక తడపాలి.

గదిలో మాత్రం కట్టకండి! తేమ బయటికి పోకపోతే చల్లబడదు. గాలి ఆడే నీడలో, వరండాలో కట్టండి. మే ఎండల్లో బాగా పనిచేస్తుంది. వానాకాలం గాలిలోనే తేమ నిండుంటే దాదాపు దండగ, అప్పుడు సరుకే తగ్గించాలి.

కొండమెట్లు_బెజవాడ: పైన కుళాయి ఒక్క పూటే వస్తుందండీ. నీళ్లు?

తడి_ఇసుక: కూరగాయలు కడిగిన నీళ్లే పొయ్యండి. ఇసుక పట్టుకుంటే చేతికి తడి తగలాలి, అంతే. అడుగున కారుతోందంటే ఎక్కువైనట్టు. తోటకూర, పాలకూర కట్టలు వేళ్లు మునిగేలా గిన్నెలో నిలబెట్టండి. నీళ్లు చల్లి కవర్లో బిగిస్తే కుళ్లుతాయి. పండిన అరటిపళ్లు, ఎర్ర టమాటాలు పక్కనుంటే ఆకులు పసుపు బారతాయి, వేరే క్రేట్లో ఉంచండి.

కాటా_ముద్ర: ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి తూనికలు కొలతల శాఖ ముద్ర వేయించాలి. కేంద్ర పథకం స్వనిధి కింద అప్పు వీధిలో అమ్మేవాళ్లకి. మొదటి విడత 2025 నుంచి 15,000 రూపాయలు. గదిలో కొట్టుకి అది కుదరదు, సంఘం పేరు మీద బ్యాంకు లింకేజీ (పొదుపు సంఘాలకి బ్యాంకు ఇచ్చే అప్పు) కోసం పట్టణ పొదుపు సంఘాలను చూసే ప్రభుత్వ సంస్థ మెప్మా సిబ్బందిని అడగండి. అన్నట్టు ఉల్లి, వెల్లుల్లి ఆ తొట్టిలో పెట్టొద్దు, తేమకి మొలకలొస్తాయి.