అప్‌డేట్: నంబరు ఉన్నా సీఆర్ఎంలో కస్టమర్ దొరకని సమస్య

పోయిన వారం ఈ సమస్య గురించి ఇక్కడ అడిగింది నేనే. వైజాగ్ ద్వారకానగర్‌లో మాది వాటర్ ప్యూరిఫయర్ల సర్వీసు షాపు. కస్టమర్ ఫోన్ చేసినప్పుడు సీఆర్ఎంలో, అంటే కస్టమర్ల వివరాలు దాచుకునే సాఫ్ట్‌వేర్‌లో, నంబరు కొడితే ఏమీ వచ్చేది కాదు. మనిషేమో మూడేళ్లుగా మా కస్టమరే.

నంబర్లు ఎలా ఎక్కించారో చూడమని ఇక్కడ ఒక అన్న చెప్పారు. కారణం అదే. ఒకే నంబరు ఒకచోట ప్లస్ 91తో, ఇంకోచోట సున్నాతో, మరోచోట అయిదంకెల తర్వాత ఖాళీతో ఉంది. మా సాఫ్ట్‌వేర్ మొదటి అంకె నుంచే పోల్చి చూస్తుంది. 9తో మొదలుపెట్టి కొడితే ప్లస్‌తో ఉన్న రికార్డు దానికి కనపడదు. ముందు శాతం గుర్తు పెడితే దాని స్థానంలో ఏమున్నా సరే వెతుకుతుందని ఆ అన్నే చెప్పారు. అలా పెట్టి చివరి అయిదంకెలు కొట్టగానే గాజువాక ఆవిడవి మూడు రికార్డులు బయటపడ్డాయి! ఒకదాంట్లో ఫిల్టర్ మార్చిన తేదీ, ఇంకోదాంట్లో అడ్రసు, మూడోదాంట్లో ఆవిడ పెట్టిన కంప్లైంటు. అది మేం చూడనే లేదు. వెంటనే ఫోన్ చేసి క్షమించమని అడిగాను.

తర్వాత అన్నీ ఎక్సెల్‌లోకి దింపి, ప్లస్ 91, ఆపైన పది అంకెలు, మధ్యలో ఖాళీ లేకుండా మార్చాం. ఆ కాలమ్‌ని ముందే టెక్స్ట్‌గా పెట్టుకోండి, లేకపోతే ముందున్న ప్లస్, సున్నా ఎగిరిపోతాయి. మాకు మొదటిసారి ఎగిరిపోయాయి.

పేర్లే మిగిలాయి. లక్ష్మిని ఇంగ్లిషులో కొందరు ఎక్స్‌తో, కొందరు కేఎస్‌హెచ్‌తో రాశారు. ఇంటిపేరు కొన్నిట్లో ముందు, కొన్నిట్లో వెనక. వాటిని కూర్చుని ఒక్కొక్కటే సరిచేయాల్సిందే. మధురవాడ వాళ్లవి అయ్యాయి, పెందుర్తివి నడుస్తున్నాయి. శాతం గుర్తు సంగతి చెప్పిన ఆ అన్నకు చాలా చాలా థ్యాంక్స్.