‘లాఫ్’ నామవాచకమా, క్రియా?

నిన్న ఇక్కడ ఒక తల్లి అడిగిన ప్రశ్న రాత్రంతా నన్ను వదల్లేదు. ఏడో తరగతి చదువుతున్న వాళ్లమ్మాయి ‘షి గేవ్ ఎ లౌడ్ లాఫ్’ అనే వాక్యంలో ‘లాఫ్’ కింద గీత గీసి, క్రియ అని రాసింది. టీచరు దాన్ని ఎర్ర సిరాతో కొట్టేసి నామవాచకం అని దిద్దారు. ‘నవ్వడం పనే కదమ్మా, పనిని తెలిపేది క్రియ అని పుస్తకంలోనే ఉందిగా’ అని పిల్ల అడిగితే ఆమెకు జవాబు తోచలేదట.

అమ్మా, మీ పాప సరిగ్గా ఆలోచించింది. టీచరు దిద్దిందీ సరైనదే. లోటంతా ఆ నిర్వచనంలో ఉంది. పనిని తెలిపే మాటలన్నీ క్రియలైతే పెళ్లి, యుద్ధం, దొంగతనం కూడా క్రియలు కావాలి. మరోవైపు ‘ఉండు’, ‘తెలుసు’ అన్నప్పుడు జరుగుతున్న పని ఏమిటి?

పాపకు ముందు తెలుగులోనే చూపించండి. ‘ఒక్క నవ్వు నవ్వు’. రెండు మాటలకూ అవే అక్షరాలు, అదే ఉచ్చారణ. అయినా ఏ తెలుగు పిల్లా తడబడదు. మొదటిదాని ముందు ‘ఒక్క’ ఉంది. దానికి నవ్వులు, నవ్వును, నవ్వుకు అని బహువచనం, విభక్తి తగులుతాయి. రెండోది నవ్వాడు, నవ్వలేదు, నవ్వుతూ అని మారుతుంది. దగ్గు, తుమ్ము, ఉరుము, పలుకు, చదువు కూడా ఈ కోవలోవే.

ఇంగ్లిష్‌లోనూ మాట ఇరుగుపొరుగును చూడాల్సిందే. ఎ, ది, మై లాంటివి ముందు వస్తే కాస్త దూరంలో ఒక నామవాచకం ఉండి తీరుతుంది. కెన్, విల్, మస్ట్ వస్తే వెనకాల క్రియ వస్తుంది. పాప వాక్యంలో అసలు క్రియ ‘గేవ్’. ‘పెద్ద నవ్వొకటి నవ్వింది’ అన్నప్పుడు ‘నవ్వింది’ చేసే పనిని అక్కడ ‘గేవ్’ చేస్తోంది.

మన పిల్లలను ఎక్కువగా తికమక పెట్టేది చివర వచ్చే ‘స్’. ‘హి వర్క్స్’ అంటే అది ఏకవచనంలో ఉన్న క్రియ. ‘హిజ్ వర్క్స్’ అంటే బహువచనంలో ఉన్న నామం. గుర్తు ఒక్కటే, పనులు ఎదురెదురు. ఇంగ్లిష్ మొదటినుంచీ ఇలా లేదు. వెయ్యేళ్ల కిందట ఆ భాషలో ప్రేమ ‘లువు’, ప్రేమించడం ‘లువియన్’. తర్వాతి శతాబ్దాల్లో ఆ చివరి ప్రత్యయాలు అరిగి రాలిపోయాయి. రెండూ ‘లవ్’ దగ్గరికొచ్చి ఆగాయి. గుర్తులు పోయాక, వాక్యంలో మాట ఎక్కడుందన్నదే ఆధారమైంది.

పాప అడిగిన ప్రశ్నకు నాకు తెలిసిన అందమైన జవాబు మాత్రం యాస్కుడిది. వేదంలోని మాటల అర్థాలను వివరిస్తూ ‘నిరుక్తం’ రాసిన ప్రాచీన పండితుడాయన. అందులో ‘భావప్రధానమాఖ్యాతం, సత్త్వప్రధానాని నామాని’ అన్నాడు, అంటే క్రియలో ముఖ్యం జరిగే పని, నామంలో ముఖ్యం వస్తువు అని. మొదలు నుంచి ముగింపు దాకా ఒకదాని వెంట ఒకటిగా సాగే పనిని ‘వ్రజతి (వెళ్తాడు), పచతి (వండుతాడు)’ అని క్రియతో చెబుతామనీ, ఆ పనే గట్టిపడి ఒక వస్తువులా నిలిస్తే ‘వ్రజ్యా (వెళ్లడం), పక్తి (వంట)’ అని నామంతో చెబుతామనీ వివరించాడు. మన మాటల్లో వండుతోంది, వంట. ‘వండుతోంది’ అనగానే పొయ్యి మండుతుంది, గరిటె తిరుగుతుంది, ఎసరు మరుగుతుంది. ‘వంట’ అనేసరికి అదంతా ఒక్క ముద్దై చేతికందుతుంది. బాగుందనవచ్చు, మెచ్చుకోవచ్చు, రెండు వంటలు అని లెక్కపెట్టవచ్చు. ‘ఎ లాఫ్’ అలా ముద్దకట్టిన నవ్వు.

*

కింద ఒక మిత్రుడు ‘మరి పలకడంలో తేడా లేదా అండీ? నేను రికార్డు అన్నప్పుడల్లా పక్కవాళ్లు దిద్దుతుంటారు’ అని అడిగారు.

ఉందండీ. ‘రె-కర్డ్’ లాగా రెండు భాగాలుగా పలికే కొన్ని ఇంగ్లిష్ మాటల్లో, నామమైతే మొదటి భాగాన్ని నొక్కి పలుకుతారు, క్రియ అయితే రెండోదాన్ని. రెకర్డ్ నామం, రికార్డ్ క్రియ. ప్రెజెంట్ బహుమతి, ప్రిజెంట్ సమర్పించడం. అన్నిటికీ ఈ నియమం పనికిరాదు; రిపోర్ట్, రిప్లై ఎలా వాడినా ఒకేలా ఉంటాయి.

ఇది మనకు పట్టుబడకపోవడానికి కారణం మన భాష తీరేనని నా నమ్మకం. ఇంగ్లిష్ క్రియను తెలుగు సాధారణంగా క్రియగా తీసుకోదు. పేరులా నిలబెట్టి, దానికి ‘చేయు’నో ‘అవు’నో తగిలిస్తుంది: రికార్డు చేయి, సేవ్ చేయి, కనెక్ట్ అయింది. మన చెవిలో రికార్డు ఎప్పుడూ పేరే, కాబట్టి ఒకే రూపం చాలింది. ‘యూజ్ చేయి’, ‘దాంతో యూజ్ లేదు’ అని రెండుచోట్లా ‘జ’కారమే పలుకుతాం. ఇంగ్లిష్‌లో నామం ‘యూస్’, క్రియ మాత్రమే ‘యూజ్’. అడ్వైస్, అడ్వైజ్ కూడా అంతే, పైగా వాటికి స్పెల్లింగు కూడా మారుతుంది.

*

అమ్మా, మీరు మళ్లీ అడిగారు, పాపకు ఒక్క చిట్కా చెప్పాలంటే ఏది చెప్పాలని. ఆ వాక్యం కిందనే ‘షి లాఫ్డ్ లౌడ్‌లీ’ అని రాయించండి. పైదాంట్లో ‘లౌడ్’, కిందిదాంట్లో ‘లౌడ్‌లీ’. ఎందుకు మారిందో తననే చెప్పమనండి. చెప్పలేకపోతే పక్కన తెలుగు రాయించండి: పెద్ద నవ్వు, పెద్దగా నవ్వింది. ఆ ‘గా’ ఎక్కడినుంచి వచ్చిందో తను ఇట్టే పట్టేస్తుంది.