మొక్కు తీర్చాలా వద్దా: మతం మన ఊర్లకు ఏమిచ్చింది, ఏం గుంజుకున్నది?

సైదులు_కాని_సైదులు
నా పేరు సైదులు. హిందువుల ఇంట్ల పుట్టిన. పాత నల్లగొండ జిల్లాల ఈ పేరు వింటే ఎవ్వరూ వింతగ చూడరు. జాన్‌పహాడ్ దర్గాకు మొక్కుకుంటే పుట్టినోళ్లం చానామంది ఉన్నం. ఇంటర్ నుంచే నాకు దేవుని మీద నమ్మకం లేదు. మానవవాది అంటే ఒప్పుకుంట. పోయినేడు డెంగీతోని ప్లేట్‌లెట్లు పడిపోయినప్పుడు అమ్మ కందూరు, అంటే దర్గా కాడ మ్యాకను కోసి అందరికి బువ్వ పెట్టుడు, మొక్కిందట. జనవరిల ఉర్సు. "మ్యాకను నువ్వే తోలుకరావాలె బిడ్డా" అంటున్నది. నేను బతికింది సెలైన్‌తోని. పోతే ఇన్నేండ్లు నేను మాట్లాడిన మాటలకు విలువేంది? పోకపోతే అమ్మ ముఖం ఎట్ల చూడాలె?

మతం మేలు చేసిందా, కీడు చేసిందా? మీ కండ్లతోని చూసింది చెప్పుండ్రి. శ్లోకాలు, వాట్సాప్ ఫార్వర్డులు వద్దు.

మర్రిగూడ_మనవరాలు
కీడే. మా నాయనమ్మకు నడుము వంగిపోయింది, మెడ లేవకపోయేది. ఇంటికి ఎవరొచ్చినా కాళ్లు చూసి గుర్తుపట్టేది. "వార్ మార్పించినవ్ గదరా చెప్పుకు" అని పలకరించేది. "పోయిన జన్మల ఏం పాపం చేసిన్నో" అని ఆమే అనేది, ఊరోళ్లూ తలకాయలు ఊపేటోళ్లు. పాపం ఎక్కడిది, ఉన్నదంత బోరు నీళ్లల్లనే. రాతి పొరల నుంచి నీళ్లల్లకు దిగిన ఫ్లోరైడ్. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దు, మా బోర్లు ఎప్పుడో దాటినయ్. నాగ్‌పూర్‌ల నీరి (NEERI) అనే పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు పటిక, సున్నం కలిపి నీళ్లల్ల ఫ్లోరైడ్‌ను అడుక్కు దించే పద్ధతి తీసిన్రు. దానికి పేరే నల్లగొండ టెక్నిక్. మా జిల్లా పేరు పుస్తకాలకెక్కింది, మా ఇంట్ల మాత్రం తాయెత్తు, అమాసకు చెర్వుగట్టు మీది శివుని గుడి. కర్మ అనుకున్నోడు కలెక్టర్ ఆఫీసు ముందట కూసుంటడా? కూసోడు. దానికే నా కోపం.

గట్టుకింది_టిఫిన్‌సెంటర్
చెల్లే, ఒక్క మాట అడుగుత, ఏమనుకోకు. అమాస రాత్రి గట్టు మీద పండుకునేటోళ్లను ఇరవై ఏండ్ల సంది చూస్తున్న. రోగాలు తగ్గంగ నేనైతే పెద్దగ చూడలే. కానీ ఇంట్ల ఎవ్వరూ పలకరియ్యని ముసలోళ్లు ఆడ తెల్లారేదాక ముచ్చట్లు పెడుతరు. మీ నాయనమ్మ గట్టుకు పోవుడంటే ఏడ్చేదా, సంబురపడేదా?

మర్రిగూడ_మనవరాలు
సంబురపడేది. రెండు దినాల ముందుగాల్నే చీర మడతపెట్టి దిండు కింద పెట్టుకునేది. అది అబద్ధం చెప్పను. అయినా కోపం పోతలేదు అన్నా.

పేట_పంతులమ్మ
నాది నారాయణపేట దిక్కు సర్కారు బడి, ఇప్పుడు రిటైరైన. ఆడపిల్లలను దేవతకు అర్పించే జోగినీ ఆచారాన్ని నిషేధిస్తూ 1988లోనే చట్టం వచ్చింది. నేను బడిలో చేరింది దాని తర్వాతే. అయినా రిజిస్టర్‌లో తండ్రి పేరు గడి దగ్గర పెన్ను ఆగిపోయే పిల్లలు నా తరగతిలో ఉండేవాళ్లు. ఒక పిల్ల ఆ గడి వచ్చిందంటే రబ్బరు కింద పడేసుకుని వెతుకుతున్నట్టు వంగేది. మొదట నాకు అర్థం కాలేదు. అర్థమైన రోజు నేనే ఆ గడిలో తల్లి పేరు రాశాను. పై ఆఫీసు నుంచి మెమో వస్తే వచ్చింది.

లాల్‌సలాం_సూర్యాపేట
మేడం, అది మతం కాదు. దొరతనం, కులం. దేవతకు ఇచ్చిన పిల్లలందరు దళిత వాడల నుంచే ఎందుకొచ్చిన్రు? దొరసాని బిడ్డను ఎవడన్న జోగిని చేసిండా?

పేట_పంతులమ్మ
నిజమే తమ్మీ. కానీ దొర వచ్చి "నీ బిడ్డను ఊరికి అప్పజెప్పు" అంటే ఆ తల్లి కొడవలి తీసేది. "ఎల్లమ్మ అడుగుతున్నది" అంటే పసుపు రాసి పంపింది. ఆ తేడాను ఏమంటావ్?

లాల్‌సలాం_సూర్యాపేట
దీనికి నా దగ్గర జవాబు లేదు మేడం.

కురుమూర్తి_కుర్రోడు
అందరు ఏడిపిస్తున్నరు. మా పాలమూరు ముచ్చట చెప్త. కురుమూర్తి జాతరల ఉద్దాల ఉత్సవం చూడుండ్రి. స్వామి పాదుకలు తయారుచేసేది వడ్డెమాన్ దళితులు. చెప్పులు కుట్టే చేతులు కుట్టిన ఉద్దాలను అన్ని కులాలోళ్లు ఎగబడి నెత్తికి తాకించుకుంటరు. ఇంత పని ఏ ఉపన్యాసం చేసింది?

వనపర్తి_వలసపక్షి
ఒక్కదినం నెత్తిన పెట్టుకున్నరు సరే, మిగిలిన 364 దినాలు? ఆ కుట్టినాయన హోటల్ల చాయ్ తాగుతుంటే గ్లాసు ఎవరు కడిగిన్రు?

కురుమూర్తి_కుర్రోడు
మా తాత జమానాల గ్లాసు వేరే ఉండేనట. ఇప్పుడు లేదు. ఉద్దాల వల్ల పోయిందా అంటే... ఏమో, డిస్పోజబుల్ గ్లాసులు వచ్చినంక పోయింది 😄

జడ్చర్ల_పుట్టుక
నేను పుట్టింది జడ్చర్ల మిషన్ దవాఖానల. అమ్మకు కాన్పు కష్టమైతే పక్కన నర్సమ్మ ప్రార్థన చేసుకుంట రాత్రంత కూసున్నదట. మతం మారుమని ఎవ్వరూ అడగలే. ఇంతకన్న నాకు తెల్వది.

నిప్పులగుండం
పీర్ల పండుగకు మా ఊళ్లె అలావ తవ్వి నిప్పుల మీద నడుస్తరు. చిన్నప్పుడు మహిమే అనుకున్న. తర్వాత గోరా గారి గురించి చదివిన. 1940ల కృష్ణా జిల్లా ముదునూరుల నాస్తిక కేంద్రం పెట్టినాయన. ఆ కేంద్రమోళ్లు మహిమ లేదని చూపెట్టెతందుకు మామూలు మనుషులతోని నిప్పుల మీద నడిపించేటోళ్లు. కట్టెబొగ్గు వేడిని తొందరగ వదలదు, అడుగు పడి లేచేది క్షణంల, అంతే. పంతొమ్మిదేండ్లప్పుడు జన విజ్ఞాన వేదికోళ్ల ఎంబడి నేను గూడ నడిచిన. అరికాళ్లు చురుక్కుమన్నయ్ గానీ బొబ్బ లెయ్యలే. మస్తు గర్వంగ ఊళ్లెకు పోయి చెప్తే పీరు ఎత్తే తాత ఇనీ ఇనీ, "నడిచినవ్ బిడ్డా, సరే. మరి మీ అలావ కాడ మాలిద ఎవరు పంచిన్రు?" అన్నడు. ఇగ ఏం చెప్పాలె.

మా పీరును ఎత్తేది తురకలు కాదు, మంగలి ఇంటోళ్లు, చాకలి ఇంటోళ్లు. అది గూడ రాసుకోండ్రి.

రీడింగ్‌రూమ్_నల్లగొండ
పెద్దలు ఏమన్నరో గూడ జరంత చూద్దాం. ఇంగ్లండు తత్వవేత్త బెర్ట్రండ్ రస్సెల్ 1930ల ఒక వ్యాసంల మతం నాగరికతకు చేసిన మేళ్లు లెక్కపెడితే రెండే తేలినయ్: క్యాలెండర్ స్థిరం చేసుడు, ఈజిప్టు పూజారులు గ్రహణాలను లెక్కగట్టి రాసుడు. మానవవాదులు 1952ల ఆమ్‌స్టర్‌డామ్‌ల కూడి ఒక ప్రకటన చేసిన్రు, 2022ల దాన్ని తిరగరాసిన్రు. మంచిగ బతికెతందుకు దేవుని పూచీకత్తు అక్కర్లేదనేది దాని సారం. ఇక మన రాజ్యాంగంల 1976ల చేర్చిన 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథం, మానవతావాదం పెంచుకొనుడు పౌరుల బాధ్యత అంటది...

గట్టుకింది_టిఫిన్‌సెంటర్
రెండే మేళ్లా? ఆ దొరకు కందూరు తినిపియ్యాల్సింది.

వనపర్తి_వలసపక్షి
నవ్వుడు సరే గానీ, చేతబడి నెపం ఎవరూ ఎత్తలేదేంది? మా పక్కింటి ముసలమ్మను మంత్రగత్తె అన్నరు. ఊళ్లె రెండు గొడ్లు సచ్చినయ్, అంతే కారణం. ఒక బాబా వచ్చి నిమ్మకాయ కోసి ఆమె ఇంటి దిక్కు చూపెట్టిండు, నలభై వేలు తీసుకపోయిండు. ఆమె బిడ్డ కాడికి బొంబాయికి పోయింది, మళ్ల రాలే. మహారాష్ట్రల మూఢనమ్మకాల మీద కొట్లాడిన దభోల్కర్‌ను 2013 ఆగస్టుల కాల్చి చంపినంక గీ చేతబడి, బాబాల మోసాల మీద చట్టం వచ్చింది. కర్ణాటకల గూడ ఉన్నది. మన దగ్గర గూడ గసుంటిది గట్టిగ కావాలె. జాతరతోని నాకు లొల్లి లేదు. నిమ్మకాయ చూపెట్టినోన్ని జైల్ల వెయ్యండ్రి.

సైదులు_కాని_సైదులు
అందరికి దండాలు. పంతులమ్మ గారు రాసిన రబ్బరు ముచ్చట రెండుసార్లు చదివిన.

అమ్మతోని కూసొని మాట్లాడిన. "నేను ఫాతెహా కాడ చేతులెత్తను, తాయెత్తు కట్టుకోను, జెరమొస్తే దవాఖానకే" అని చెప్పిన. ఆమె ఏమన్నదంటే: "నిన్ను దండం పెట్టమన్ననా? నలభై మందికి బువ్వ పెట్టాలె, గంజులెవడు మోస్తడు?" గంజులు మోసుడు నా వల్ల అయితది.

దవాఖానల నాకు ప్లేట్‌లెట్లు ఇచ్చిన ఇద్దరు దోస్తులను గూడ పిలిచిన. అందుల ఒకడు మాంసం తినడు. కందూరుల వాడికి ఏం వండాలె, ఎవరన్న చెప్పుండ్రి. గట్లనే పాలకీడు దిక్కు రోడ్డు ఇప్పుడు ఎట్లున్నది? నల్లగొండ నుంచి కార్ల రెండు సీట్లు ఖాళీ ఉన్నయ్.

గట్టుకింది_టిఫిన్‌సెంటర్
పప్పుచారు పెట్టు. ఒక సీటు నాకు ఆపు.