కరెంటు తీస్తే కమిట్ బ్లాకు నిలుస్తోంది, డేటా నిలవడం లేదు

ఒంగోలులో మా ఇంటి కంప్యూటరుపై, లినక్స్ 6.1 కెర్నల్ కోసం జర్నల్ (మార్పులను ముందుగా రాసుకునే చిట్టా) గల చిన్న ఫైల్ సిస్టమ్ మాడ్యూల్ రాస్తున్నాను. యూఎస్‌బీ పెట్టెలోని హార్డ్‌డిస్కుకు కరెంటు హఠాత్తుగా తీసి మళ్లీ మౌంట్ చేస్తే, 10 సార్లలో 3 సార్లు కమిట్ బ్లాకు (మార్పులన్నీ చేరాయని తెలిపే గుర్తు) కొత్తదిగానూ, అంతకుముందే చేరవలసిన డేటా బ్లాకులు పాతవిగానూ కనిపిస్తున్నాయి. డేటా రాతలన్నీ ముగిశాయని కాల్‌బ్యాక్ తెలిపిన తరువాతే కమిట్ బ్లాకును ప్రీఫ్లష్ (ముందుగా డిస్కు కాషెలో, అంటే దాని తాత్కాలిక మెమొరీలో ఉన్నదంతా డిస్కుపై రాయమనేది), ఎఫ్‌యూఏ (ఈ బ్లాకు నిజంగా డిస్కుపై చేరాకే ముగిసిందని చెప్పమనేది) జెండాలతో పంపుతున్నాను. కెర్నల్ సందేశాల్లో ఈ డిస్కు కాషెను 'రైట్ త్రూ'గా (రాతలు కాషెలో ఆగకుండా నేరుగా డిస్కుపైకి వెళ్లేదిగా) భావించినట్లు ఉంది. అలాంటప్పుడు ఫ్లష్ ఆదేశం డిస్కుదాకా వెళ్లదు కనుక సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ అమరికలు ఫైళ్లుగా కనిపించే చోట) 'రైట్ బ్యాక్'గా (రాతలు ముందు కాషెలో ఆగేదిగా) మార్చి చూశాను, ఫలితం మారలేదు. అదే డిస్కును నేరుగా సాటా పోర్టుకు కలిపితే 40 సార్లలో ఒక్కసారీ తప్పు రాలేదు, అయితే అక్కడ వేగం వేరు కాబట్టి నా కోడుపై అనుమానం తీరలేదు. ఫ్లష్ ఆదేశాన్ని ఆ పెట్టెలో యూఎస్‌బీని సాటాకు కలిపే చిప్పే పట్టించుకోవడం లేదో, నా కోడే క్రమం తప్పుతోందో కచ్చితంగా తేల్చే పరీక్ష ఏది?