ఒక్క పిల్లాడి కోసం రెండు వంటలు వండాలా?

రాయగడ_అమ్మ:
మా బాబుకి అయిదో ఏడు నడుస్తోంది. పెరుగన్నం, బంగాళాదుంప వేపుడు, గుడ్డు, ఇవి తప్ప ఏదీ తినడు. పప్పులో చింతపండు పడితే ముట్టడు. కూరలో పోపు కనిపించిందంటే ఆవాలూ కరివేపాకూ ఒక్కొక్కటే ఏరి కంచం అంచున వరసగా పెడతాడు, ఆ ఏరడం అయ్యేసరికి అన్నం చల్లారిపోతుంది, ఇంక వద్దంటాడు. మాది ఒడిశాలో ఉంటున్న తెలుగు ఉమ్మడి కుటుంబం, రాత్రి అందరం కలిసే కూర్చుంటాం. మా అత్తగారు జాలిపడి వాడికి విడిగా దుంపలు వేపి పెడతారు, మా మావగారేమో ‘అలా పెట్టబట్టే ఇలా తయారయ్యాడు’ అంటారు, రోజూ కంచాల దగ్గరే గొడవ. ఇంతా చేసి పక్కింటి ఒడియా వాళ్లు దాల్మా (కూరగాయలు వేసి వండే వాళ్ల పప్పు) పెడితే మాత్రం గిన్నె ఖాళీ చేసి వస్తాడు! మీ ఇళ్లలో ఏం చేస్తున్నారు? విడిగా వండుతున్నారా, వండిందే తినమంటున్నారా?

బరంపురం_బాబు:
ముందు సాయంత్రం పూట బిస్కెట్లూ మిక్చరూ మానిపించండి. ఆకలి దానంతటదే వస్తుంది.

పర్లాకిమిడి_మాస్టారు:
అమ్మా, విడిగా వండడం రేపే ఆపేయండి. మా చిన్నప్పుడు అన్నదమ్ములం, అక్కచెల్లెళ్లం అందరం ఒకే వరసలో కూర్చునేవాళ్లం. ఆ రోజు దప్పళం అయితే దప్పళం, చద్దన్నం అయితే చద్దన్నం. నాకిది వద్దు అన్న మాట మా నోట రాలేదు, వస్తే లేచి వెళ్లమనేవారు. ఎవరికీ ఏమీ కాలేదు. ఒక పూట మానేస్తే రెండో పూట అదే తింటాడు. ఇప్పుడేమో పిల్లాడు మొహం తిప్పితే చాలు ఇంకో పొయ్యి వెలిగిస్తున్నారు. వండేవాళ్ల కష్టం వాడికి ఎప్పుడు తెలుస్తుంది?

జయపురం_నర్సు:
మాస్టారూ, ఒక పూట తినకపోతే ఏమీ కాదన్నది నిజమే, కానీ లేచి పొమ్మనడం మంచిది కాదండీ. నేను పిల్లల వార్డులో పని చేస్తాను, తల్లులకి రోజూ చెప్పేదే ఇక్కడా చెప్తున్నా. మూడు కిలోలతో పుట్టిన బిడ్డ ఏడాది తిరిగేసరికి దాదాపు తొమ్మిది కిలోలవుతాడు. రెండేళ్లు దాటాక మాత్రం ఏడాదికి రెండు కిలోల చొప్పునే పెరుగుతాడు, అంచేత ఆకలి కూడా తగ్గుతుంది. కొత్త రుచి అంటే బెదురు ఎక్కువగా ఉండేదీ రెండు నుంచి ఆరేళ్ల మధ్యే. మనం దాన్ని మొండితనం అనుకుంటాం.

ఎలిన్ సాటర్ అని అమెరికాలో ఒక పోషకాహార నిపుణురాలు, ఆవిడ చెప్పిన పద్ధతి నాకు బాగా నచ్చింది. ఏం పెట్టాలి, ఎప్పుడు పెట్టాలి, ఎక్కడ కూర్చోబెట్టాలి అన్నది పెద్దవాళ్లు చూసుకోవాలి. తినాలా వద్దా, ఎంత తినాలి అన్నది పిల్లాడికి వదిలేయాలి. విడిగా వండక్కర్లేదు, బలవంతమూ చెయ్యక్కర్లేదు. అందరికీ వండినవాటిలో వాడు తినేది ఒక్కటైనా ఉంటే చాలు, పెరుగు ఎలాగూ ఉంటుంది కదా. కొత్తది చెంచాడు పక్కన పెట్టండి, తినకపోతే ఒక్క మాట కూడా అనకండి. కొంతమంది పది పదిహేను సార్లు కంచంలో చూస్తేగానీ నోట్లో పెట్టుకోరు.

ఇంకోటి, పాలు ఎన్ని తాగుతున్నాడు? రోజుకి అరలీటరు దాటితే ఆకలి చస్తుంది, ఐరన్ కూడా అందదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఒడిశాలో అయిదేళ్ల లోపు పిల్లల్లో నూటికి 64 మందికి రక్తహీనత. రక్తం తక్కువైతే ఆకలి ఇంకా మందగిస్తుంది. ఒకసారి పరీక్ష చేయించండి. గుడ్డు మాత్రం ఆపకండి, వాడు తినేవాటిలో బలమైంది అదే.

పర్లాకిమిడి_మాస్టారు:
గుడ్డు ఆపకండి అని తేలిగ్గా చెప్పేశారు. కార్తీకమాసంలో ఏం చేస్తారు? మా ఇంట్లో ఆ నెలంతా గుడ్డు గడప దాటి లోపలికి రాదు.

ఛత్రపురం_వాసి:
ఇక్కడ కార్తీకం చివర వచ్చే పంచుక అయిదు రోజులూ కొంగ కూడా చేప ముట్టదంటారు. పిల్లాడు గుడ్డు మానితే వచ్చే నష్టం లేదు.

జయపురం_నర్సు:
ఆ నెల్లో శనగలు, పెసలు, ఛెనా (విరిగిన పాల ముద్ద) పెట్టండి. అంగన్‌వాడీలో ఎలాగూ గుడ్డు ఇస్తారు.

పర్లాకిమిడి_మాస్టారు:
అక్కడ గుడ్డు తిని వచ్చి సాయంత్రం దీపం దగ్గర కూర్చోమంటారా? ఇంటి నియమం అనేది ఒకటి ఉండాలి కదా. పిల్లాడికి ఒక నియమం, పెద్దలకి ఒక నియమం అంటే ఆ ఇల్లు ఎలా నడుస్తుంది?

గుణుపురం_కోడలు:
ఆవిడ పిల్లాడి తిండి గురించి అడిగితే మీరు కార్తీకం దగ్గర ఆగిపోయారేంటండీ? ఎవరికీ ఏమీ కాలేదని రాశారు, నాకు అక్కడే ఒళ్లు మండింది. మా పాపకి మూడేళ్లప్పుడు మా ఇంట్లో పెద్దవాళ్లు కాళ్లు పట్టుకుని, ముక్కు మూసి, కందా బచ్చలి తినిపించారు. నేను పక్కనే నిలబడి చూస్తున్నాను, నోరు విప్పే ధైర్యం లేదు. మొత్తం కక్కేసింది. ఇప్పుడు పదో తరగతి చదువుతోంది, ఇప్పటికీ ఆకుకూర ఉడుకుతున్న వాసన వస్తే బయటికి వెళ్లిపోతుంది. మీ వరసలో కూర్చున్నవాళ్లలో ఎంతమంది ఏడుపు దిగమింగి తిన్నారో మీకు తెలుసా? చెప్పుకోలేదు, అంతే.

పర్లాకిమిడి_మాస్టారు:
ముక్కు మూయమని నేనెక్కడ రాశాను? చదివి రాయండి. ప్రతిదానికీ అత్తగారిని దోషిని చేయడం ఈ తరానికి అలవాటైపోయింది.

గుణుపురం_కోడలు:
నేను పెద్దవాళ్లని రాశాను. అత్తగారని మీరే అన్నారు. చదవాల్సింది ఎవరు?

బరంపురం_బాబు:
ఇద్దరూ కాస్త ఆగండి బాబూ. ఆవిడ అడిగినదానికి జవాబు చెప్పండి.

రాయగడ_అమ్మ:
నర్సు గారూ, పాలు రెండు పెద్ద గ్లాసులు తాగుతాడు, అరలీటరు దాటుతుందేమో, కొలుస్తాను.

మీరంతా రాసింది చదివాక అసలు సంగతి కూడా చెప్పాలనిపించింది. వండేది నేను. ఏం వండాలో చెప్పేది మా మావగారు. పప్పులో చింతపండు వెయ్యకముందే వాడికో గరిటెడు తీసి పక్కన పెట్టొచ్చు, దానికి ఇంకో పొయ్యి అక్కర్లేదు. అదీ కుదరదంటారు, అందరిదీ ఒకే గిన్నె అంటారు. దాల్మా నాకూ వచ్చు. పెసరపప్పులో బొప్పాయికాయ, గుమ్మడి, ములక్కాడ వేసి ఓసారి వండాను. బాబు రెండోసారి వడ్డించమన్నాడు. మావగారు కంచం పక్కకి నెట్టేసి ‘మనింట్లో ఒడియా వంటలు మొదలయ్యాయా, రేపు వీడు తెలుగు కూడా మర్చిపోతాడు’ అన్నారు. ఆ రాత్రి ఆయన కోసం నేనూ అత్తగారూ అప్పటికప్పుడు పచ్చడి నూరి అప్పడాలు వేపాం. పిల్లాడు వద్దంటే మొండి, పెద్దాయన వద్దంటే ఆయన ఇష్టం. నాకు కష్టంగా ఉన్నది అక్కడ.

గుణుపురం_కోడలు:
చూశారా మాస్టారూ, ఆ ఇంట్లో రెండో వంట ఎవరికోసమో.

పర్లాకిమిడి_మాస్టారు:
అమ్మా, మీ మావగారి మాట వెనక ఉన్నది నాకు తెలుసు. 1936లో ఒడిశా వేరే రాష్ట్రమైనప్పుడు మా ఊరు ఇటు పడింది. మా పిల్లలు చదివింది ఒడియా బడిలో, బజార్లో బోర్డులు ఒడియా, ఆఫీసులో కాగితం ఒడియా. దాని మీద నాకు కోపం లేదు, ఆ భాషలోనే పాఠాలు చెప్పి బతికాను. కానీ ఇంట్లో మనదంటూ మిగిలింది మాటా, వంటా. సెలవులకి మా మనవలు భువనేశ్వర్ నుంచి వస్తారు. మా ఆవిడ మోకాళ్ల నొప్పులతో తెల్లారుజామున లేచి పనసపొట్టు సన్నగా తరిగి, ఆవ పెట్టి కూర చేస్తుంది. వాళ్లు వాసన చూసి నూడుల్స్ కావాలంటారు. మా కోడలు మారు మాట్లాడకుండా ప్యాకెట్టు విప్పుతుంది. ఆ కూర మిగిలిపోతే మా ఆవిడ మర్నాడు కూడా అదే తింటుంది. వండింది తినాలి అని నేను అన్నది అందుకు.

ఛత్రపురం_వాసి:
మాస్టారు చెప్పింది మా ఇంట్లోనూ జరుగుతోంది.

గుణుపురం_కోడలు:
మీ ఆవిడ బాధ నాకు తెలుసండీ, నేనూ వండేదాన్నే, మిగిలింది తినేదాన్నే. కానీ తెలుగు నిలబెట్టే భారం అయిదేళ్ల పిల్లాడి నాలుక మీద పెడితే ఎలా? తెలుగు నిలవాలంటే కథలు చెప్పండి, అక్షరాలు దిద్దించండి. దాల్మా తిన్నవాడు తెలుగువాడు కాకుండా పోడు. ఇంకొకటి అడుగుతాను, ఆ పనసపొట్టు మీకిష్టమని వండుతున్నారా, ఆవిడకిష్టమా? ఇవాళ ఏం వండుదామని మీ ఇంట్లో ఎవరైనా ఆవిడని అడుగుతారా?

పర్లాకిమిడి_మాస్టారు:
అది ఇక్కడ అనవసరం.

గుణుపురం_కోడలు:
అదే అవసరం. వండే మనిషికి ఏం వండాలో చెప్పే హక్కు లేని చోట, వంటకి విలువ ఇవ్వమని పిల్లల్ని అడగడం అన్యాయం.

జయపురం_నర్సు:
ఆ వాదన మీరిద్దరూ తేల్చుకోండి. రాయగడ చెల్లీ, బరువు పెరగకపోయినా, ముద్ద మింగేటప్పుడు తరచూ పొలమారుతున్నా, ఇప్పుడు తినేవాటిలో కూడా ఒక్కొక్కటీ మానేస్తున్నా ఆలస్యం చెయ్యకుండా డాక్టరుకి చూపించు. అలాంటి తీవ్రమైన సమస్యని ఏఆర్ఎఫ్ఐడి (తిండి బాగా తగ్గించేసే, చాలా రకాలు మానేసే రుగ్మత) అనే పేరుతో 2013లోనే అమెరికా మానసిక వైద్యులు జబ్బుల్ని గుర్తించడానికి వాడే పుస్తకంలో చేర్చారు, గదమాయిస్తే పోయేది కాదది. మీ వాడు దాల్మా ఇష్టంగా తింటున్నాడంటే నాకు అంత భయం కనపడడం లేదు, పులుపు పడట్లేదంతే. వాడి తిండి గురించి వాడి ఎదురుగా మాట్లాడుకోవడం మాత్రం ఇవాళే ఆపించు. కంచం దగ్గర కూర్చోవాలంటేనే భయం పట్టుకుంటుంది పిల్లలకి.

రాయగడ_అమ్మ:
అంగన్‌వాడీ కార్డులో బరువు సరిగ్గానే ఉందక్కా. పాలు తగ్గిస్తాను, రక్త పరీక్ష చేయిస్తాను. చింతపండు వెయ్యకముందు పప్పు తీసి పెట్టడం ఈ రాత్రి నుంచే. దాల్మా సంగతి మా ఆయన్ని మాట్లాడమన్నాను, వాళ్ల నాన్నతో ఆయనే మాట్లాడాలి.

పర్లాకిమిడి_మాస్టారు:
దాల్మా దించేముందు కాస్త చింతపండు రసం పొయ్యండమ్మా, మీ మావగారు కూడా తింటారు.

గుణుపురం_కోడలు:
ఆ గిన్నెలో పొయ్యకు చెల్లీ, పిల్లాడు మళ్లీ ముట్టడు. పులుపు కావలసినవాళ్లు తమ కంచంలో కలుపుకుంటారు.