ఫిబ్రవరి ఆఖరి ట్రిప్పు: కాకినాడ బురదా, మన చెరువు శిఖమా?

చెరువుకట్ట:
కొత్తవాళ్ల కోసం ముందు సంగతి చెప్తా. మాది హన్మకొండ, కాజీపేట చుట్టుపక్కల ముప్పై మంది దాకా ఉన్న పక్షుల క్లబ్బు. అందులో పద్నాలుగు మంది కాలేజీ పిల్లలు. ఏడాదికి ఒక్క దూరపు ట్రిప్పుకే డబ్బులు కూడతాయి. పోయినేడు లాగే ఈసారీ ఫిబ్రవరి ఆఖర్లో కాకినాడ పోదామని నేనన్నాను. మొన్న ఆదివారం వడ్డేపల్లి కట్ట మీద టీ తాగుతూ మాట్లాడుకుంటే సగం మంది వద్దన్నారు. "ఇంటి ముందు చెరువులో ఏముందో లెక్క లేదు, సముద్రం కావాలట" అని ఒకాయన అంటే అందరూ నవ్వారు. నవ్వితే నవ్వారు. నా వాదన రాసి పెడుతున్నా, మీ జవాబు కూడా రాసి పెట్టండి.

చెరువు దగ్గర మనకు కనిపించే ఉల్లంకి పిట్టలు, అంటే నీటి అంచు బురదలో మేసేవి, మూడు నాలుగు రకాలే. వాటిలోనూ సగం "చిన్నది, బూడిద రంగు" అని నోటుబుక్కులో రాసుకుని వచ్చేస్తాం. కాకినాడ తీరంలో అలాంటివే కర్లూ, గాడ్విట్, సాండ్ ప్లవర్, స్టింట్ అన్నీ ఒకే బురద మీద పక్కపక్కన మేస్తాయి. కర్లూది ఇంత పొడుగు వంకర ముక్కు, బొరియలోకి దూర్చి పీతను లాగుతుంది. ప్లవర్‌ది గోరంత ముక్కు, పైపైన కదిలినదాన్ని ఉరికి పట్టుకుంటుంది. ముక్కును బట్టి తిండి, తిండిని బట్టి నిలబడే చోటు. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా నాకు ఎక్కలేదు. అక్కడ పది నిమిషాల్లో ఎక్కింది.

అసలు ఆ బురద ఎక్కడిది? మన కాళేశ్వరం, ఏటూరునాగారం ముందు నుంచి పోయిన గోదారి మోసుకెళ్లిన ఒండ్రే. హోప్ ఐలాండ్ అనే పొడవాటి ఇసుక దిబ్బ అలలకు అడ్డం పడితే ఆ ఒండ్రు దాని వెనకాల నిలిచింది. పక్కనే కోరింగ మడ అడవి, అభయారణ్యమే 235 చదరపు కిలోమీటర్లు. ఫిబ్రవరి ఆఖరే ఎందుకంటే, ఉత్తరాదికి తిరుగు ప్రయాణానికి ముందు కొన్ని రంగు మారడం మొదలుపెడతాయి. సాండ్ ప్లవర్ రొమ్ము మీద ఇటుక రంగు తొంగిచూస్తుంది. ఇంకో నెలన్నర ఆగితే చాలా మటుకు వెళ్లిపోతాయి.

పాకాల ఆయకట్టు:
అన్నా, ఆ మాట అన్న 'ఒకాయన'ను నేనే. పేరు దాచినందుకు థాంక్స్.

మాకు పాకాల చెరువు కింద మూడెకరాలు. జనవరిలో యాసంగి నాట్లకు దమ్ము చేస్తుంటే ట్రాక్టర్ వెనకాల కొంగలు దిగుతాయి, దాన్ని అందరూ ఫోటో తీస్తారు. కొంగలు పోయాక పొద్దుగూకే ముందు వచ్చేదాన్ని ఎవరూ చూడరు. మడమ లోతు నీళ్లలో, ట్రాక్టర్ చక్రం చేసిన గాడిలో ఒక్కటే నిలబడుతుంది. రెండడుగులు వేస్తుంది, ముక్కు దించుతుంది, వెనక భాగం ఊపుతుంది. మనం గట్టు మీద కదిలితే కీచుమని లేస్తుంది, లేచినప్పుడు తోక మొదట్లో తెల్ల మచ్చ కనబడుతుంది. మా నాయన దాన్ని ఉల్లంకి అంటాడు, క్లబ్బులో వుడ్ సాండ్‌పైపర్ అన్నారు. అది కూడా ఉత్తరాది చలిదేశాల నుంచి వచ్చిందే కదా. మా మడిలోకి నడిచి వస్తే చాలు, రైలెక్కక్కర్లేదు. అందుకే దానికి విలువ తగ్గిందా?

ఇంకో మాట. 2024 చివర్లో పూడిక తీయాలని భద్రకాళి చెరువు ఖాళీ చేశారు. అప్పుడు మనం తెగ బాధపడ్డాం, పక్షులు ఏమైపోతాయని. అంతకు ముందు చలికాలం అక్కడ ఏవి ఎన్ని ఉన్నాయని ఒకరు అడిగితే క్లబ్బులో ఎవరి దగ్గరా కాగితం లేదు. నగరం నడిబొడ్డున ఉన్న చెరువన్నా అది! నాకు కోపం కాకినాడ మీద కాదు, ఆ లేని కాగితం మీద.

లెన్స్‌క్యాప్:
కాగితాలు తర్వాత రాసుకోవచ్చు బ్రదర్, స్కిమ్మర్లు మన కోసం ఆగవు. కింది ముక్కు పైదానికంటే పొడుగున్న పక్షి ఇంకేది ఉంది చెప్పండి? నోరు తెరిచి ఆ కింది ముక్కుతో నీళ్లను గీసుకుంటూ పోతుంది, చేప తగలగానే టక్కున మూస్తుంది. ప్రపంచం మొత్తం మీదే కొద్ది వేలు మిగిలాయి. చలికాలంలో కాకినాడ దగ్గర దొరికే ఛాన్స్ ఉంది. ధర్మసాగర్ చెరువులో నీటికాకులనే ఇంకెన్నాళ్లు ఫోటో తీయాలి?

జువాలజీ మేడమ్:
"దొరికే ఛాన్స్" అన్న మాటే నాకు నచ్చలేదు. పక్షి దొరకడమేమిటి బాబూ, అదేమైనా పోయిన తాళంచెవా?

నేను పిల్లల తరఫున మాట్లాడుతున్నా. జనవరిలో ఆసియా నీటిపక్షుల లెక్క ఉంటుంది, 1987 నుంచి ఏటా జరుగుతోంది. ఫిబ్రవరి నడిమధ్య నాలుగు రోజులు పెరటి పక్షుల లెక్క, కాలేజీ ఆవరణల్లో కూడా చేయొచ్చు. రెండింటికీ పైసా ఖర్చు లేదు. పెరటి లెక్కకైతే పదిహేను నిమిషాలు ఒకచోట నిలబడి చూసినవన్నీ రాసి, పక్షుల లెక్కలు దాచే ఈబర్డ్ వెబ్‌సైట్‌లో ఎక్కించాలి, అంతే. పోయినేడాది ఆ నాలుగు రోజుల్లో మన క్లబ్బు నుంచి ముగ్గురే రాశారు. మిగతావాళ్లంతా కాకినాడ ట్రిప్పుకి ఏ బట్టలు సర్దుకోవాలా అన్న టెన్షన్‌లో ఉన్నారు.

ఆ ట్రిప్పులో నేనూ ఉన్నాను. పడవ పక్షుల గుంపులోకి పోయింది. ఇసుక తిన్నె మీద ముక్కు వీపులో దాచుకుని కునుకు తీస్తున్న పక్షులన్నీ ఒక్కసారి లేచాయి, తిరిగి దిగబోతే పడవ మళ్లీ ముందుకు పోయింది. మూడు సార్లు లేపాం. ఫిబ్రవరి ఆఖరంటే అవి వేల కిలోమీటర్ల ప్రయాణానికి కొవ్వు కూడబెట్టుకునే రోజులు. ఊరికే లేపిన ప్రతిసారీ అందులోంచే ఖర్చు. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఎందుకు కొట్టకూడదో నేను అప్పుడే చెప్పలేకపోయాను, ఆ బాధ నాది.

తూర్పుగాలి:
నేను కాకినాడవాణ్ణండి, ఉద్యోగం వల్ల పదకొండేళ్లుగా హన్మకొండలో. మీ గొడవలో నేను దూరకూడదు గానీ ఒక సంగతి చెప్పాలి. పోయినేడు మీరు తీరానికి ఏ టైముకి వెళ్లారు? పదకొండు దాటాక. అప్పటికి పాటు మొదలై చాలాసేపయింది, నీళ్లు వెనక్కి పోయాయి. మా దగ్గర పోటుకీ పాటుకీ తేడా రెండు మీటర్లు కూడా ఉండదు. కానీ ఆ నేల అరచెయ్యిలా చదును, కాస్త నీరు తగ్గినా అంచు ఎక్కడికో పోతుంది. పక్షులు ఆ అంచునే పట్టుకుని నడుస్తాయి. మీకు చుక్కల్లా కనబడ్డాయి, అందుకే పడవ ఎక్కారు, అందుకే ఇదంతా.

చెరువు దగ్గర మీరు పొద్దు చూసుకుని వెళ్తారు. అక్కడ పోటు చూసుకుని వెళ్లాలండి. పోటు వచ్చేటప్పుడు గంటన్నర ముందే వెళ్లి ఒడ్డున కదలకుండా కూర్చుంటే నీళ్లే వాటిని మీ దగ్గరికి తోసుకొస్తాయి. పోటు టైము రోజుకి సుమారు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. పున్నమి, అమావాస్యల దగ్గర పోటు పెద్దది. అష్టమి, నవమి రోజుల్లో బలం ఉండదు. మీరు శనాదివారాలు చూసి టికెట్లు కొన్నారు. క్యాలెండర్‌లో తిథి చూడాల్సింది.

కాజీపేట షెడ్డు:
తిథి చూసి పక్షుల దగ్గరికి పోవడం మొదటిసారి వింటున్నా. మా అమ్మకు చెప్తే సంతోషిస్తుంది.

లెన్స్‌క్యాప్:
మేడమ్, గుంపులోకి పోనిచ్చింది పడవాయన. డబ్బులు తీసుకున్నాడు కాబట్టి దగ్గరగా చూపించాలనుకున్నాడు. దానికి క్లబ్బును ఎందుకు తిట్టడం?

గోదారొడ్డు:
మంగపేట వైపు నుంచి రాస్తున్నా. సముద్రమా చెరువా అని కొట్టుకుంటున్నారు, మధ్యలో నది ఉన్న సంగతి ఎవరికీ గుర్తు రాలేదు.

ఫిబ్రవరి వచ్చిందంటే గోదారిలో ఇసుక మేటలు తేలుతాయి. వాటి మీద రివర్ టెర్న్ అనే పక్షి గుడ్లు పెడుతుంది. పసుప్పచ్చ ముక్కు, నల్ల టోపీ, నీళ్ల మీద పోతుంటే చూడముచ్చటగా ఉంటుంది. గూడంటే గూడు కాదు, రొమ్ముతో ఇసుకలో చేసిన గుంట. గుడ్లు ఇసుక రంగులోనే ఉంటాయి, మచ్చలతో. ఒకసారి నేను చెప్పు పెట్టబోయి ఆగాను, పాదానికి బెత్తెడు దూరంలో ఉన్నాయి రెండు. తల్లి నెత్తి మీద తిరుగుతూ ఒకటే అరుపు.

బ్యారేజీలు నిండుగా ఉన్నప్పుడు పైన మేటలు మునిగిపోయేవి. 2023 అక్టోబర్‌లో మేడిగడ్డ పిల్లర్లు కుంగాక నీళ్లు వదిలేశారు. మేటలు తేలాయని నేను సంబరపడేలోపే ఇసుక లారీలు దిగాయి. నీళ్లున్నా కష్టమే, లేకున్నా కష్టమే.

మీ ట్రిప్పు డబ్బులో నాలుగో వంతు పెడితే ఇక్కడ ఏ మేట మీద ఎప్పుడు గుడ్లు ఉన్నాయో రాసుకోవచ్చు, లారీలవాళ్లతో, అధికారులతో మాట్లాడటానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది. కానీ ముప్పై మంది రావద్దు. ఎండలో తల్లి పది నిమిషాలు పక్కకు పోయినా గుడ్డు ఉడికిపోతుంది. ఇద్దరు రండి, ఒడ్డు నుంచే చూద్దాం. చోటు ఇక్కడ రాయను.

చెరువుకట్ట:
గోదారొడ్డు అన్నా, నీ మాటకు నా దగ్గర ఎదురు మాట లేదు. ఫోన్ చేస్తా.

మిగతావాళ్లకు. మేడమ్ చెప్పింది నిజం, ఆ రోజు నేను కూడా పడవలో నోరు మూసుకునే ఉన్నాను. పాకాల తమ్మీ చెప్పింది ఇంకా నిజం. మొన్న సాయంత్రం కూర్చుని మన పాత నోటుబుక్కులు తిరగేశాను. నాలుగేళ్లలో ధర్మసాగర్‌కి పదకొండు సార్లు పోయాం, అందులో తేదీ, టైము, లెక్క మూడూ ఉన్నవి నాలుగు. మిగతా వాటిలో టిఫిన్ ఎక్కడ చేశామో వివరంగా ఉంది.

కానీ ఒక్కచోట ఒప్పుకోను. భద్రకాళి ఎండితే బాతులు, కొంగలు ఇంకో చెరువు వెతుక్కుంటాయి. కాకతీయుల పుణ్యమా అని మనకు చెరువులకు కరువు లేదు. బురద తీరానికి బదులు తీరం ఉండదు. కొరియాలో సేమన్‌గుమ్ అనే చోట పెద్ద గోడ కట్టి 2006లో సముద్రాన్ని ఆపేశారు. సైబీరియాకు పోయే దారిలో గ్రేట్ నాట్ పక్షులు ఆగి మేసే చోటు అది. ఆ తర్వాత వాటి సంఖ్య బాగా పడిపోయింది, ఇప్పుడవి అంతరించే ప్రమాదంలో ఉన్న జాబితాలో ఉన్నాయి. ఆ జాతి పక్షులు కాకినాడలోనూ కనిపిస్తాయి. బురద అంటే ఖాళీ జాగా అనుకునే దేశంలో, అది ఖాళీ కాదని కళ్లతో చూసినవాళ్లు పద్నాలుగు మంది పెరిగితే తప్పేంటి?

పాకాల ఆయకట్టు:
తప్పని అనలేదన్నా. నీళ్లు తగ్గితే చెరువులో తేలే మన శిఖం భూములను కూడా ఖాళీ జాగాలనే అంటున్నారు, ప్లాట్లు చేసి అమ్ముతున్నారు. అది చూడ్డానికి కాకినాడ పోవాలా?

లెన్స్‌క్యాప్:
రాత్రి నుంచి ఇది రాయాలా వద్దా అనుకుంటున్నా. పడవాయన మొదటిసారి దూరంగానే ఇంజన్ ఆపాడు. "ఇంతకంటే పోకూడదు సార్" అన్నాడు. ఇంకో వంద రూపాయలు చేతిలో పెట్టింది నేను. కెమెరాలో ఆ రోజు ఫోటోలు నాలుగు వందలు పైనే ఉన్నాయి, అన్నిట్లో పక్షులు వెనక్కి తిరిగి ఎగిరిపోతున్నవే. ఒక్కటీ ఎక్కడా పెట్టలేదు. పెట్టకపోవడానికి కారణం ఫోకస్ అని చెప్పుకున్నా.

జువాలజీ మేడమ్:
చెప్పావు, సరే. ఈ మాట పిల్లల ముందు కూడా చెప్తావా?

లెన్స్‌క్యాప్:
చెప్తా మేడమ్.

తూర్పుగాలి:
ఈసారి పడవ మాట వద్దండి. కుంభాభిషేకం రేవు దగ్గర ఒడ్డునే నిలబడొచ్చు. క్లబ్బు టెలిస్కోపు ఒకటి చాలు, వంతులవారీగా చూడండి. బురదలోకి దిగకండి. పైకి గట్టిగా కనబడుతుంది, మోకాలి దాకా లాగేస్తుంది, లోపల ఆల్చిప్పలు కోస్తాయి. కొత్త బూట్లు వేసుకొచ్చి మా ఊరిని తిట్టొద్దు. మా పిన్నిగారింట్లో పిల్లలకి భోజనం నేను చూసుకుంటా.

చెరువుకట్ట:
అయితే ఇలా అనుకుంటున్నా. ఫిబ్రవరి నడుమ నాలుగు రోజుల లెక్కలో ఎవరు కనీసం రెండు పూటలు ఒకే చెరువు దగ్గర నిలబడి రాస్తారో వాళ్లకే కాకినాడ సీటు. మిగిలిన డబ్బు గోదారొడ్డు అన్నకు. తేదీ తిథి చూసి పెడతా, శనాదివారాలు కాకపోతే సెలవు పెట్టుకోండి.

జువాలజీ మేడమ్:
లెక్క దగ్గర ఉంటా. కాకినాడకి రాను. నా సీటు ఇంకో పిల్లకి ఇవ్వండి.

పాకాల ఆయకట్టు:
అప్పటికి నాట్లు అయిపోతాయి, నాకు ఖాళీనే. రెండు పూటలు కాదు, నాలుగు రోజులూ మా మడి గట్టు మీదే కూర్చుంటా. మడి కూడా చెరువు కింద లెక్కేనా అన్నా?

చెరువుకట్ట:
పాకాల నీళ్లే కదా తమ్మీ. లెక్కే.

కాజీపేట షెడ్డు:
మీరు తిథి తేల్చేలోపు గౌతమి ఎక్స్‌ప్రెస్‌లో స్లీపర్ వెయిటింగ్ లిస్టుకి వస్తుంది. తేదీ ఈ రాత్రికి చెప్పండి, పొద్దున కౌంటర్ తెరవగానే నేను లైన్లో ఉంటా. మొత్తం ఎంతమంది, పేర్లు, వయసులు పంపండి. మేడమ్ పేరు కొట్టేసే ముందు ఇంకోసారి అడగండి.