కంపెనీ డిపాజిట్ మీద బ్యాంకు కోసుకున్న డబ్బు పన్ను లెక్కలో ఎక్కడ వేయాలి?

ప్రశ్న (ఫ్రాంక్‌ఫర్ట్, వచ్చి 4 నెలలు)
అందరికీ నమస్కారమండి. మా బావగారి చిన్న ఐటీ జీఎంబీహెచ్ (జర్మనీలో ప్రైవేట్ లిమిటెడ్ లాంటి కంపెనీ) లెక్కలు చూస్తున్నాను. 2021 స్టేట్‌మెంట్లలో నెలనెలా ‘ఫెర్వార్‌ఎంట్‌గెల్ట్’ (డబ్బు దాచినందుకు బ్యాంకు కోసుకునే రుసుము) అని డబ్బు పోయింది. ఆ ఏడాదికి ఇప్పుడు టాక్స్ ఆడిట్ నోటీసు వచ్చింది, చాలా టెన్షన్‌గా ఉంది. దీన్ని వడ్డీ ఆదాయంలోంచి తీసేయాలా, ఖర్చు రాయాలా?

ఎష్‌బోర్న్, 14 ఏళ్లుగా
తమ్ముడూ, కంగారు పడకు. ముందు ఒక మాట: బ్యాంకు నుంచి వచ్చిన ఏ ఉత్తరాన్నీ పారేయకు. 2020లో మా బ్యాంకు జర్మన్‌లో నాలుగు పేజీలు పంపితే ప్రకటన అనుకుని పక్కన పెట్టాను. లక్ష యూరోలు దాటిన డబ్బు మీద ఏడాదికి 0.5 శాతం కోత అని అందులో ఉందట. మా ఖాతాలో 4 లక్షలు ఉండేవి, అంటే ఏడాదికి 1,500 యూరోలు. ఆడిట్‌లో ఆఫీసరు ఒప్పందం కాగితం అడిగారు. నా దగ్గర లేదు. బ్యాంకుకు వెళ్తే కౌంటర్‌లో ఒకరు ఇంకొకరి దగ్గరికి పంపారు, ఆవిడ సెలవులో ఉన్నారు. మూడు వారాలు తిరిగాక నకలు చేతికొచ్చింది. ఆ మూడు వారాలూ సరిగ్గా నిద్ర లేదు.

మ్యూనిక్
ఖర్చే, అనుమానం లేదు. కానీ వడ్డీ కదా, గెవెర్బె పన్నుకు (వ్యాపార లాభం మీద ఊరి పాలకసంస్థ వేసే పన్ను) నాలుగో వంతు మళ్లీ లాభంలో కలుపుతారు. ఇంకోటి, ఇప్పుడు డిపాజిట్ మీద వచ్చే వడ్డీలో బ్యాంకు 26.375 శాతం పన్నుగా ముందే పట్టుకుంటుంది. సర్టిఫికెట్ తీసుకుని రిటర్న్‌లో సర్దుబాటు చేసుకోండి. చాలామంది మర్చిపోతారు.

డ్యూసెల్‌డార్ఫ్ (టాక్స్ ఆఫీసులో పని)
మ్యూనిక్ అన్నగారూ, కలపరండీ. కలిపేది మనం చేసిన అప్పు మీద కట్టే వడ్డీని. ఇక్కడ డబ్బు మనది, అప్పు తీసుకున్నది బ్యాంకు. ఒకవేళ అప్పు వడ్డీయే అయినా, అలాంటివన్నీ కలిపి 2 లక్షల యూరోలు దాటితేనే ఆ లెక్క మొదలవుతుంది. దీన్ని డబ్బు దాచినందుకు రుసుముగా చూడాలని ఆర్థిక శాఖ 2015లోనే చెప్పింది. ఆ మాట వ్యక్తుల పొదుపు గురించి, అక్కడ విడిగా తగ్గింపు దొరకదు. కంపెనీకైతే నేరుగా వ్యాపార ఖర్చు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో కార్పొరేషన్ పన్ను, సోలి (ఆ పన్ను మీద వేసే అదనపు పన్ను) కలిపి 15.825, గెవెర్బె 16.1 శాతం. లాభంలో ఉన్న కంపెనీకి 1,500 మీద సుమారు 479 యూరోల పన్ను తగ్గుతుంది.

మ్యూనిక్
2 లక్షల సంగతి నిజమే. మా ఆడిటరు మాత్రం అప్పట్లో కలిపారు.

డ్యూసెల్‌డార్ఫ్
ఆ ఏడాది మదింపు ఖరారు కాకపోతే సరిచేయించుకోండి, వదిలేయకండి.

జ్యూరిక్
జర్మనీలో ఈ గొడవ 2022 జూలైలో యూరోపియన్ సెంట్రల్ బ్యాంకు డిపాజిట్ రేటు మైనస్ నుంచి సున్నాకు రాగానే సద్దుమణిగింది. మా స్విట్జర్లాండ్‌లో కేంద్ర బ్యాంకు రేటు 2015 నుంచి మైనస్ 0.75 శాతం ఉండేది, 2022లో ఆ మైనస్ పోయింది, 2025 జూన్‌లో మళ్లీ సున్నాకు వచ్చింది. ఇక్కడ కూడా కంపెనీకి అది ఖర్చే.

ఎష్‌బోర్న్
జ్యూరిక్ లెక్క అబ్బాయికి ఎందుకు? తమ్ముడూ, లెడ్జర్‌లో దానికో విడి లైన్ పెట్టు. మామూలు చార్జీల్లో కలిపేస్తే ఆఫీసరు ప్రతి రశీదూ అడుగుతారు.

ఫ్రాంక్‌ఫర్ట్
అందరికీ కృతజ్ఞతలండి. బావగారి పాత ఫైల్లో 2020 ఉత్తరం దొరికింది, సంతకంతో సహా. ఖర్చు వైపు విడి లైన్‌గా వేసి, ఉత్తరం నకలు జోడించి ఆడిటరుకు పంపాను.